గట్టి డబ్బా కాదు, రెండో ప్రతి కావాలి

పండగ ఆఫర్లు మొదలయ్యాయంటే హాస్టల్లో తప్పకుండా వినపడే మాట ఒకటుంది: "మామా, గట్టి హార్డ్ డిస్క్ ఒకటి చెప్పరా. పదేళ్లు ఉండాలి." వెంటనే నాలుగు బ్రాండ్ల పేర్లు బయటికొస్తాయి. ఒకడు ఎస్‌ఎస్‌డీ అంటాడు, ఒకడు రబ్బరు తొడుగున్నది కొనమంటాడు, ఇంకొకడు "క్లౌడ్ ఉండగా ఇవన్నీ ఎందుకు?" అని తేల్చేస్తాడు. వాదన మెస్ దాకా నడుస్తుంది. చివరికి ఎవరికి తోచింది వాళ్లు కొంటారు. దాని మీదికి ఫైళ్లన్నీ ఎక్కిస్తారు. ఆనక జాగా కోసం లాప్‌టాప్‌లో ఉన్నవి తీసేస్తారు.

నా అభ్యంతరమంతా ఆ చివరి పని మీదే. ఫైళ్లన్నిటినీ ఒక గట్టి డిస్కు మీదికి మార్చి దానికి బ్యాకప్ అని పేరు పెడుతున్నాం. నిజానికి అది మకాం మార్చడం. నిన్నటిదాకా లాప్‌టాప్‌లో ఒక్క ప్రతి ఉంది, ఇవాళ డిస్కులో ఒక్క ప్రతి ఉంది. లెక్క మారలేదు. నేను చెప్పదలచుకున్నది ఇంతే: ఒక ఖరీదైన గట్టి డిస్కు కంటే రెండు మామూలు డిస్కులు మేలు. ఆ రెండూ వేర్వేరు రకాలవై, వేర్వేరు ఊళ్లలో ఉంటే ఇంకా మేలు. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఏం దాచాలో తేలాలి

మన డిస్కుల్లో ఉన్నవాటిలో చాలా భాగం మళ్లీ దొరికేదే. సినిమాలు, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్లు, ఎన్‌పీటెల్ వీడియోలు, సీనియర్లు ఇచ్చిన పాత ప్రశ్నపత్రాలు. ఇవి పోతే రెండు రోజుల వైఫైతో తిరిగొస్తాయి. పోతే రానివి వేరే ఉన్నాయి. మనం రాసిన ప్రాజెక్టు కోడు, మన కథలూ కవితలూ, ఇంటి ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు, మనవాళ్ల గొంతులు.

గొంతులు అని ఎందుకంటున్నానంటే, మా అమ్మమ్మ పాడిన మంగళహారతులు, దంపుళ్ల పాటలు కొన్ని నా దగ్గర ఉన్నాయి. ఫోన్లో రికార్డు చేసినవి. అన్నీ కలిపినా 200 ఎంబీ ఉండవు. అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఆ పాటల్లో కొన్ని మా ఇంట్లో ఇంకెవరికీ పూర్తిగా రావు. తక్కెడలో ఒక పక్క ఒక టీబీ సినిమాలు, ఇంకో పక్క ఆ 200 ఎంబీ పెడితే ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు కదా.

అందుకని డిస్కు కొనే ముందు ఒక ఫోల్డర్ చేయండి. దానికి "పోతే దొరకనివి" అని పేరు పెట్టండి. ఒక సాయంత్రం కూర్చుని అందులోకి రావాల్సినవన్నీ చేర్చండి. మనలో చాలామందికి ఆ ఫోల్డర్ అనుకున్నదానికంటే చిన్నగా తేలుతుంది. ఎంత జాగా కొనాలన్నదీ, ఎంత ఖర్చు పెట్టాలన్నదీ అప్పుడు దానంతటదే తెలుస్తుంది. మిగతా సరుకంతా ఒక్క ప్రతితో ఉన్నా నష్టం లేదు.

డబ్బా గట్టిదనం వేరు, డేటా గట్టిదనం వేరు

గట్టి డిస్కుల ప్రకటనల్లో ఐపీ67 అని కనిపిస్తుంది. ఇందులో 6 అంటే దుమ్ము లోపలికి పోదని. 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా పాడైపోయేంత నీరు లోపలికి దిగదని. ఇంకొన్నిటి మీద అమెరికా సైన్యం వాడే ఎంఐఎల్-ఎస్‌టీడీ-810 ప్రమాణం పేరు ఉంటుంది. అందులో ఎత్తు నుంచి పడేసి చూడడం, వణికించి చూడడం లాంటి పరీక్షలు చాలా ఉన్నాయి. తయారీదారు వాటిలో ఏ పరీక్ష చేశాడో, ఎలా చేశాడో చెప్పకపోతే ఆ పేరు ఒక్కటే చూసి ఏమీ తేలదు.

ఇవి అబద్ధాలని నేననను. కానీ ఇవన్నీ జవాబిచ్చేది ఒకే ప్రశ్నకి: డబ్బాకి దెబ్బ తగిలితే ఏమవుతుంది? మన భయాలు అంతకంటే ఎక్కువ. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు నీట మునిగాయి. ఆ నీళ్లు అరగంటలో పోలేదు, రోజుల తరబడి ఉన్నాయి. అలాంటి ఇంట్లో కింది అరలో ఉన్న డిస్కు ఐపీ67 అయితే బతికేదా అని మనం ఎంతసేపైనా వాదించుకోవచ్చు. ఇంకో ప్రతి హైదరాబాదులో అక్కవాళ్లింట్లో ఉంటే ఆ వాదనే అక్కర్లేదు.

పైగా ఫైళ్లు పోయేది నీళ్ల వల్లా దెబ్బల వల్లా మాత్రమేనా? బస్సులో బ్యాగు పోతుంది. లోపలి కంట్రోలర్ చిప్ ఒక రోజు ఉన్నట్టుండి పలకదు. నిద్రమత్తులో మనమే వేరే ఫోల్డర్ డిలీట్ చేస్తాం. వైరస్ వస్తుంది. వీటిలో ఏ ఒక్కదానికీ రబ్బరు తొడుగు అడ్డం పడలేదు.

ఏది ఎలా పోతుంది

కాబట్టి "ఏది ఎక్కువ కాలం ఉంటుంది?" అని కాకుండా "ఏది ఎలా పోతుంది?" అని అడగాలి. ఆ లెక్కన ఒక్కోదాన్ని చూద్దాం.

పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు. రెండూ ఫ్లాష్ మెమరీయే. సన్నసన్న సెల్స్‌లో ఛార్జ్ బంధించి ఉంచుతారు. ఒక సెల్‌లో మూడు బిట్లు పెడితే 8 స్థాయిల్ని, నాలుగు బిట్లు పెడితే 16 స్థాయిల్ని తేడా లేకుండా గుర్తుపట్టాలి. ఆ ఛార్జ్ కాలంతో పాటు కొద్దికొద్దిగా జారిపోతుంది, వేడికి ఇంకా తొందరగా. చవక పెన్‌డ్రైవ్‌లో ఎలాంటి చిప్ వేశారో మనకి తెలిసే దారే లేదు. ఇక జిరాక్స్ షాపు కంప్యూటర్లో పెట్టి తీసిన పెన్‌డ్రైవ్‌లో ఏమేం చేరతాయో మీకు నేను చెప్పాలా? పెన్‌డ్రైవ్ ఫైళ్లు మోసుకెళ్లడానికి. దాచుకోవడానికి కాదు.

ఎస్‌ఎస్‌డీ. కదిలే భాగాలు లేవు, కాబట్టి చేతిలోంచి జారిపడినా బతికే అవకాశం ఎక్కువ. వేగం సంగతి చెప్పక్కర్లేదు. రోజూ బ్యాగులో తిరిగే డిస్కుకి ఇదే సరైనది. కానీ ఇదీ ఫ్లాషే. జెడెక్ అనే ప్రమాణాల సంస్థ పెట్టిన కొలత ఒకటుంది: రాయగలిగినంతా రాసేసి అరిగిపోయిన మామూలు ఎస్‌ఎస్‌డీ, కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో ఒక ఏడాది పాటు డేటా నిలుపుకోవాలి. కొత్త ఎస్‌ఎస్‌డీ అంతకంటే చాలా ఎక్కువ కాలం నిలుపుకుంటుంది, కంగారు పడే పని లేదు. అయినా బీరువాలో పెట్టి ఏళ్ల తరబడి మరిచిపోవడానికి చేసిన వస్తువు మాత్రం కాదది. మే నెలలో మన డాబా మీది గది 30 డిగ్రీల దగ్గర ఆగదు కూడా.

హార్డ్ డిస్క్. లోపల తిరిగే పళ్లాలు, వాటి మీద నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉండే హెడ్. తిరుగుతుండగా కిందపడితే హెడ్ పళ్లేన్ని గీకేసే ప్రమాదం ఉంది. ఆఫ్ చేసి ఉన్నప్పుడు హెడ్ పక్కకి వెళ్లి కూర్చుంటుంది కాబట్టి దెబ్బని చాలా బాగా తట్టుకుంటుంది. రాసింది అయస్కాంత రూపంలో ఉంటుంది, నిలవడానికి కరెంటు అక్కర్లేదు. పెద్ద సైజుల్లో రూపాయికి ఎక్కువ జాగా ఇచ్చేదీ ఇదే. ఇంకో సుగుణం కూడా ఉంది: పోయే ముందు చాలాసార్లు కటకటమంటుంది, నెమ్మదిస్తుంది, స్మార్ట్ రిపోర్టులో పాడైన సెక్టార్ల లెక్క పెరుగుతుంది. ఎస్‌ఎస్‌డీ అలా చెప్పి పోవాలని లేదు. అందుకే ఇంట్లో బీరువాలో కూర్చునే ప్రతికి నా ఓటు హార్డ్ డిస్కుకే. మంచం మీద లాప్‌టాప్ పక్కన ఊగుతూ సినిమాలు చూపించే ఉద్యోగానికి మాత్రం దీన్ని పెట్టకండి.

డీవీడీ. ఒక్కోదానిలో పట్టేది 4.7 జీబీ. వందల ఏళ్లు ఉంటాయని చెప్పే ప్రత్యేకమైన డిస్కులు కూడా అమ్ముతారు. కానీ మన లాప్‌టాప్‌లకు డీవీడీ డ్రైవే లేదు. ఫ్లాపీ ఇప్పుడు ఇచ్చినా చదివే దిక్కు లేనట్టే, దీనికీ ఆ రోజు వస్తుంది.

క్లౌడ్. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నిటికీ కలిపి అంతే. 2021 జూన్ నుంచి ఎక్కించే ఫొటోలన్నీ ఆ లెక్కలోకే వస్తున్నాయి. రెండేళ్ల పాటు అసలు వాడని ఖాతాల్ని తీసేసే నియమం 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. కాలేజీ ఇచ్చిన మెయిల్ మనం పాసై వెళ్లాక ఉంటుందా ఉండదా అన్నది కాలేజీ ఇష్టం. అన్నిటికంటే ముఖ్యం, సింక్ అంటే బ్యాకప్ కాదు. సింక్ అయ్యే ఫోల్డర్లో ఒక చోట తీసేస్తే అన్ని చోట్లా పోతుంది. డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులుంటుంది, తర్వాత ఉండదు. ఇన్ని చెప్పి కూడా క్లౌడ్ వద్దనను. ఇంటికీ హాస్టల్‌కీ దూరంగా ఉండే ప్రతి అదొక్కటే చాలామందికి. "పోతే దొరకనివి" ఫోల్డర్లో ముఖ్యమైనవి అక్కడ తప్పక పెట్టండి. అదొక్కటే ఉంది చాలనుకోకండి, అంతే.

తాటాకు, రాగిరేకు

మనది సాహిత్య క్లబ్బు కాబట్టి ఈ సంగతి మన పూర్వులు ఎలా తేల్చుకున్నారో కూడా చూడొచ్చు. తాటాకు కంటే అర్భకమైన మీడియం ఏముంది? చెద పడుతుంది, తేమకి కుళ్లుతుంది, అంచులు విరుగుతాయి. 11వ శతాబ్దపు నన్నయ తన చేత్తో రాసిన ఆకు మనకి దొరకలేదు. భారతం మాత్రం దొరికింది. ఎలాగంటే, పాతది శిథిలమయ్యేలోపు ఎవరో ఒకరు కొత్త ఆకుల మీద నకలు రాసుకున్నారు. ఒక ఊళ్లో ఇల్లు తగలబడితే ఇంకో ఊళ్లో ప్రతి ఉంది. 19వ శతాబ్దంలో సీపీ బ్రౌన్ చేసింది కూడా ఇదే పని. కడపలో తన బంగళాలో పండితులకు జీతాలిచ్చి, దొరికిన ప్రతుల్ని సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి చూపించి, శుద్ధ ప్రతులు రాయించాడు. వేమన పద్యాల్ని 1829లో అచ్చు వేయించాడు. ప్రతులు ఎక్కువ ఉండబట్టే పోల్చడం కుదిరింది. మనం ఇవాళ చెక్‌సమ్ అంటున్నది ఆ పోల్చే పనికి తమ్ముడే.

మరి రాగిరేకు? అన్నమయ్య (1408–1503) సంకీర్తనల్ని తాళ్లపాకవారు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో భద్రపరిచారు. ఆ కాలానికి అంతకంటే గట్టి స్టోరేజ్ లేదు. రేకులు నిలిచాయి, వాటి పుణ్యమా అని పాటలు మిగిలాయి. కాబట్టి గట్టిదనానికి విలువ లేదని నేననడం లేదు. కానీ తీసి చదివేవాళ్లు, నకళ్లు రాసేవాళ్లు లేక ఆ పాటల్లో చాలా భాగం శతాబ్దాల పాటు ఆ గదిలోనే ఉండిపోయింది. 20వ శతాబ్దంలో రేకుల్ని బయటికి తీసి, చదివి, అచ్చు వేశాకే అవి మళ్లీ జనం నోట్లోకి వచ్చాయి. అన్నమయ్య 32 వేలు రాశాడని ప్రతీతి. దొరికినవి అందులో సగం కూడా లేవు.

రెండిట్లోంచీ నాకు అర్థమైంది ఇది: గట్టి వస్తువు కాలాన్ని కొంచెం కొనిపెడుతుంది. ఆ కాలం లోపల నకలు తీసే మనిషి ఉండాలి.

మరి ఏం కొనాలి?

నా సలహా సూటిగా చెప్తాను. గట్టి డిస్కు ఒకటి కొనడానికి దాచిన డబ్బుతో, అంత గట్టివి కాని రెండు కొనండి. ఒకటి చిన్న ఎస్‌ఎస్‌డీ, హాస్టల్లో మన దగ్గర ఉండడానికి. రెండోది మామూలు హార్డ్ డిస్క్, ఊళ్లో ఇంట్లో ఉండడానికి. రెండూ వేర్వేరు కంపెనీలవి అయితే ఒకే తయారీ లోపం రెండిట్నీ ఒకేసారి దెబ్బ తీయదు. రెండు కొనే స్తోమత లేకపోతే హార్డ్ డిస్క్ ఒక్కటే కొనండి. రెండో ప్రతి లాప్‌టాప్‌లోనే ఉంచండి, మూడోది క్లౌడ్‌లో. డిస్కు కొన్నాం కదా అని లాప్‌టాప్‌లోది తీసేయకండి. అసలు కిటుకు అక్కడే ఉంది.

కొన్న రోజున చూడాల్సినవి కొన్ని. ఒక టీబీ డిస్కు విండోస్‌లో 931 జీబీ అని కనిపిస్తే అది మోసం కాదు. కంపెనీ వెయ్యితో లెక్కపెడుతుంది, విండోస్ 1024తో లెక్కపెడుతుంది. అసలు మోసం వేరే ఉంది: నమ్మలేనంత చవకగా వచ్చే పెద్ద పెన్‌డ్రైవులు, ఎస్‌ఎస్‌డీలు. లోపల ఉండేది చిన్న చిప్, కంట్రోలర్ చేత మాత్రం పెద్ద సైజు చెప్పిస్తారు. నిండాక రాసినవి పాతవాటి మీదే పడతాయి, లేదా గాల్లో కలుస్తాయి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లైనక్స్‌లో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములున్నాయి. డిస్కు నిండా రాసి, తిరిగి చదివి నిజం చెప్తాయి. రాత్రంతా పట్టినా ఫరవాలేదు, ఫైళ్లు ఎక్కించే ముందు ఆ పని చేయండి. వారంటీ గురించి కూడా ఒక మాట: వారంటీలో డిస్కు మార్చి ఇస్తారు. అందులో ఉన్నవాటితో వాళ్లకి సంబంధం లేదు.

పెట్టుకోవాల్సిన అలవాట్లు

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం మీలో చాలామంది వినే ఉంటారు. మూడు ప్రతులు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే చోట. పైన చెప్పిన ఏర్పాటు అదే. దానికి మూడు అలవాట్లు చేర్చాలి.

ఒకటి, పని అయ్యాక డిస్కు పీకేయండి. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఇలాంటివి వచ్చినప్పుడు లాప్‌టాప్‌కి తగిలించి ఉన్న డిస్కు కూడా తాళం పడిపోతుంది. విడిగా ఉన్నదాన్ని అది ముట్టుకోలేదు.

రెండు, తెరిచి చూడండి. 1998లో టాయ్ స్టోరీ 2 తీస్తుండగా ఎవరో ఇచ్చిన ఒక కమాండ్‌తో సినిమా ఫైళ్లలో ఎక్కువ భాగం చెరిగిపోయాయి. పిక్సార్‌లో బ్యాకప్ ఉంది. తీరా చూస్తే అది సరిగ్గా పనిచేయడం లేదు. గాలిన్ సస్మన్ అనే ఉద్యోగిని పసిబిడ్డ ఉండడంతో ఇంటి నుంచి పని చేస్తోంది. ఆమె ఇంటి కంప్యూటర్లో ఉన్న ప్రతి కాపాడింది. అంత పెద్ద స్టూడియోకే ఆ గతి పట్టింది. కాబట్టి సెమిస్టర్‌కి ఒకసారి డిస్కు తగిలించి, పది ఫైళ్లు తెరిచి చూడండి. ఓపిక ఉన్నవాళ్లు ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్‌లు తీసి ఒక టెక్స్ట్ ఫైల్లో పెట్టుకుంటే ఇంకా మంచిది.

మూడు, పాస్‌వర్డ్ పెట్టిన డిస్కు అయితే ఆ పాస్‌వర్డ్ ఇంట్లో ఇంకొకరికి తెలియాలి. అమ్మ డైరీలో రాసిపెట్టినా సరే. మనకి మాత్రమే తెలిసిన తాళం ఒక్కోసారి మనకీ గుర్తుండదు.

అక్షరాలు కూడా పోతాయి

డిస్కు భద్రంగా ఉండి, ఫైలు తెరుచుకుని, లోపల తెలుగు మాత్రం లేకుండా పోవడం మనకి ప్రత్యేకమైన కష్టం. ఒకప్పుడు పత్రికలు, పెళ్లి శుభలేఖలు, కాలేజీ సంచికలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేసేవారు. కొన్ని డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అంతే. అవి యూనికోడ్ కాదు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. ఫైలు బతికే ఉంది, భాష పోయింది. కాబట్టి మనం రాసేది యూనికోడ్‌లో రాయాలి. దాచేటప్పుడు ఒక మామూలు టెక్స్ట్ ప్రతి, ఫాంట్లు ఇమిడ్చిన ఒక పీడీఎఫ్ ప్రతి పెట్టాలి. మన క్లబ్బు సంచికలకి కూడా ఇదే వర్తిస్తుంది. ప్రతి ఏడూ ఎడిటర్లు పాసై వెళ్లిపోతారు. సంచికలు వాళ్ల లాప్‌టాప్‌లతో పాటు వెళ్లిపోకూడదు కదా!

"చదువుకీ ప్లేస్‌మెంట్లకే టైం లేదు, ఇంత తతంగం ఎవడు చేస్తాడ్రా?" అని మీరనొచ్చు. సబబే. అందుకే అన్నిటికీ చేయమనడం లేదు, ఆ ఒక్క ఫోల్డర్‌కి చేయమంటున్నాను. మొదటిసారి ఒక సాయంత్రం, తర్వాత సెమిస్టర్‌కి ఓ గంట. ఆ గంటలో కాస్త పాత ఫొటోలు చూసుకుంటాం, ఒకటో రెండో పాటలు వింటాం. అదేమీ నష్టం కాదు.

రాబోయే సెలవులకి ఊరెళ్లేటప్పుడు ఆ ఫోల్డర్ ఉన్న డిస్కు ఒకటి బ్యాగులో పెట్టుకుని వెళ్లండి. తిరిగొచ్చేటప్పుడు పచ్చళ్ల సీసాలు తెచ్చుకోండి. డిస్కు మాత్రం అక్కడే బీరువాలో, పట్టుచీరల పక్కన వదిలేసి రండి.